పాత బండికి క్రొత్త గొట్టము

హోసూరు నుండి అత్తిబెలె సరిహద్దు దాటి నిత్యము బెంగుళూరు కొలువులకు పోవు యువకులలో, తండ్రుల నాటి రెండు స్ట్రోకుల మోటారుసైకిలును మూలనుండి వెలికిదీసి, మరమ్మతు చేయించి, దాని సైలెన్సరు స్థానమున వీధియంతయు దద్దరిల్లు గొట్టమొకటి బిగించుకొనువారు కొందరు గలరు. ఆ మక్కువను నేను నిందింపను. 1984లో ఇండ్-సుజుకి బండ్లు పుట్టినది ఈ హోసూరు కర్మాగారముననే గనుక, పాత బండి ఇచ్చటి ఇండ్లలో చుట్టము వంటిది. కాని పాత బండ్లనెవరును అడుగరని షెడ్డులలో వినవచ్చు మాట మాత్రము శుద్ధ అసత్యము.

బండి ఏనాటిదైనను, 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 120వ నియమము ప్రకారము, పొగ వెడలునప్పటి చప్పుడును సాధ్యమైనంతవరకు అణచు సైలెన్సరు దానికి ఉండితీరవలెను. తుప్పుపట్టి చిల్లులుపడిన దానిని తీసివేసి, కంపెనీ నిర్దేశించిన రకముదే మరియొకటి వేసికొనుట మరమ్మతు. లోపలి బ్యాఫిలును పెరికివేయుటయో, బోలు గొట్టమును తగిలించుటయో మరమ్మతు కాదు. తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని, 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షనును వ్యాఖ్యానించుచు, కేరళనుండి వచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది. ఆ సెక్షను వాహనపు మౌలిక లక్షణమును మార్చు నిర్మాణ భేదమును గూర్చియే పలుకుచున్నది గదా, సైలెన్సరు అంతటిదా యని న్యాయవాది వాదింపవచ్చును. అది చక్కని వాదమే. అయితే గెలిచినను ఫలము స్వల్పము. ఏలయన ధ్వని, వాయు కాలుష్య ప్రమాణములను మీరిన బండికి 190(2) సెక్షను వేరుగా కాచుకొనియున్నది. మొదటి తప్పునకు మూడు నెలలవరకు జైలు, లేదా 10,000 రూపాయలవరకు జరిమానా, లేదా రెండును. అంతేగాక మూడు నెలలు లైసెన్సునకు అనర్హత. ఈ సెక్షను నడిపినవానినే గాక నడుపనిచ్చినవానిని గూడ పట్టును గనుక, కుమారునికి తాళపుచెవి ఇచ్చు తండ్రి దీనిని ఒకమారు చదువుకొనుట మేలు. సరిహద్దుకు ఆవల కర్ణాటక పోలీసులకును ఇదే చట్టము.

కాలుష్య పరీక్షలో నెగ్గితిమి గదా యనువారు గలరు. 2000 మార్చి 31 వరకు తయారైన ద్విచక్ర వాహనమునకు కార్బన్ మోనాక్సైడు 4.5 శాతము వరకును, అటు పిమ్మటి రెండు స్ట్రోకుల బండికి 3.5 శాతము వరకును అనుమతించు ఆ పరీక్ష పొగను కొలుచునే గాని చప్పుడును కొలువదు. ఆ సర్టిఫికెట్టు సైలెన్సరునకు సాక్ష్యము కానేరదు.

ఇక అపాయము. రెండు స్ట్రోకుల ఇంజనులో ఉబ్బెత్తు పొగగొట్టము ఒక కొలతకు మలచబడి, వెలుపలికి జారిన ఇంధనమిశ్రమమును ఒత్తిడి తరంగముచే తిరిగి సిలిండరులోనికి నెట్టుచుండును. ఆ కొలత చెడినచో చప్పుడు హెచ్చును, బలము తగ్గును, పెట్రోలు వ్యర్థమగును. రక్షణరేకు లేని గొట్టము వెనుక కూర్చున్న ఇల్లాలి పాదమును కాల్చును, చీర కుచ్చెళ్లను అంటుకొనును. పాత కారులోనైతే అతుకు సడలిన చోటినుండి కార్బన్ మోనాక్సైడు, తుప్పుతిన్న అడుగురేకు సందులగుండ లోనికి చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు.

గొట్టమును కొన్నప్పుడు బిల్లు తప్పక తీసికొనుడు. చట్టసమ్మతమని నమ్మబలికి అమ్మినవానిపై, సరకు బెంగుళూరు జె.సి. రోడ్డున కొన్నదైనను, మీరు నివసించు జిల్లా వినియోగదారుల కమిషనులోనే రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. “పందెములకు మాత్రమే” అని బిల్లుపై చిన్న అక్షరములలో ఉన్నచో ఆ వాక్యము అంగడివానిని రక్షించును గాని మిమ్ము కాదు. చలానా వ్రాసినప్పుడు అందు ఏ సెక్షను ఉదహరింపబడినదో చూచుకొనుడు. తప్పు లేదని తోచినచో రుసుము చెల్లింపక కోర్టులో వాదించుకొను హక్కు మీకున్నది. తీసివేసిన కంపెనీ సైలెన్సరు బాగుగానున్నచో పాతసామానువానికి అమ్మివేయక దానినే మరల బిగించుకొనుడు. సొంత బండి రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగిసి, మరి 5 ఏండ్లకు పొడిగింపు కోరుచు ఆర్టీవో కచేరీకి తనిఖీకై తీసికొనిపోవునాడు, అధికారి వంగి చూచు భాగములలో అదియు ఒకటి.