పడిన వాన ఎటు పోయింది?

నంద్యాల,
ఆషాఢ మాసం.

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరం, ఫొటోలు, పనుల ప్లాను, ఎస్టిమేట్ అందాయి. పత్తికొండ వైపు ఊరి మేత బీడు బాగుచేసే పని నీ చేతికి రావడం మాకందరికీ సంతోషం. నాటిన వేప, సుబాబుల్ మొక్కలు మిట్టన బతికి పల్లంలో చచ్చాయనీ, మీ ఆఫీసులో అందరూ వాన చాలక పోయాయంటున్నారనీ రాశావు. నువ్వు పీకి చూపించిన మొక్క వేరు చూశాను. నల్లబడి, గోటితో గీస్తే తొక్క ఊడివచ్చేలా ఉంది. నీళ్ళు లేక ఎండిన వేరు అలా ఉండదమ్మా. అది ఊపిరాడక చచ్చిన మొక్క.

కరువు సీమలో నీళ్ళు నిలిచి నేలకు జౌకు పడుతుందంటే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. సాలుకు 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే చోటు. ఎండకూ గాలికీ ఆవిరయ్యే శక్తి చూస్తే అంతకు రెండింతల పైనే. అలాంటి చోట నీళ్ళు ఎక్కువై గడ్డి చావడమేమిటని నవ్వుతారు. కానీ ఆ 600 మిల్లీమీటర్లు పన్నెండు నెలలకూ పంచి పడవు. నాలుగైదు గట్టి వానల్లోనే చాలా భాగం పడిపోతుంది. ఆ నాలుగు రోజులు నేల నీళ్ళను దించుకోలేకపోతే జౌకు, తర్వాత దాచుకోలేకపోతే కరువు. రెండు తిప్పలూ ఒకే బీడుకు ఒకే ఏట వస్తాయి. అందుకని వాన ఎంత పడిందన్న లెక్క ఒక్కటే చాలదు, పడిన వాన ఎటు పోయిందో చూడాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచిందంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే.

ముందు నేల వాలు చూడు. పై గుట్ట దగ్గర గరుసు, దాని కింద తెలంగాణ వాళ్ళు చల్క అనే ఎర్రనేల, ఇంకా దిగితే రేగడి, అట్టడుగున వంక పక్కన చౌడు. ఇలా ఒకే వాలు మీద వరసగా దొరుకుతాయి. 1935లో జెఫ్రీ మిల్న్ అనే నేలల శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలో ఇలాంటి వరసనే చూసి దానికి 'కటీనా' అని పేరు పెట్టాడు. వరస ఎందుకు ఏర్పడుతుందంటే, పైన రాయి చివికినప్పుడు ముతక ఇసుక అక్కడే నిలుస్తుంది, సన్న బంకమన్ను కొట్టుకొచ్చి పల్లంలో చేరుతుంది. రాతిలోంచి కరిగిన సోడియం, కాల్షియం లవణాలు కూడా నీటితోపాటే దిగుతాయి. పల్లంలో నీరు ఆవిరై పోతుంది, లవణం మిగిలిపోతుంది. వానలు ఎక్కువున్న సీమలో అయితే అది కొట్టుకుపోయి సముద్రం చేరేది. మన దగ్గర దాన్ని కడిగేంత వాన లేదు. అంచేత మేత బీడు ఒకటే అని పటంలో ఒకే రంగు వేయకు. ఊరివాళ్ళు సేద్యానికి పనికిరాదని వదిలేసిన పల్లమే చాలాచోట్ల మేత పోరంబోకు అయ్యింది. అంటే నీ చేతికి వచ్చింది మొదటినుంచీ మొండి నేలే.

రేగడి సంగతి చూద్దాం. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. రేగడి బీడులో అయితే చెయ్యి దూరేంత నెర్రెలు పడతాయి. తొలకరి వాన ఆ నెర్రెల్లోకి గడగడా దిగిపోతుంది. అది చూసి ఈ నేల ఎన్ని నీళ్ళయినా తాగుతుందని అనుకోకు. అందులోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది. రెండు మూడు వానలకే నెర్రెలు పూడుకుపోతాయి. ఆ తర్వాత గంటకు 1 మిల్లీమీటరు నీరు దిగడం కూడా గగనమే. పైన నీళ్ళు నిలుస్తాయి. నీటి గుండా గాలి కదలడం మామూలు గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మది. వేర్లూ సూక్ష్మజీవులూ కలిసి మట్టిలో ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ ఒకటి రెండు రోజుల్లో వాడేసుకుంటాయి. నేలలోని నైట్రేటు కూడా వాయువుగా మారి ఎగిరిపోతుంది. చిత్త కార్తె వానల్లో చుట్టూ నీళ్ళుండగానే గడ్డి పసుపెక్కడం నువ్వు చూసే ఉంటావు, కారణం ఇదే. వానలు వెనకబట్టాక ఇంకో చిక్కు. బంకమన్ను తేమను గట్టిగా పట్టుకుంటుంది. చేతికి చెమ్మ తగులుతున్నా వేరుకు అందదు.

చౌడు దీనికంటే మొండిది. సోడియం ఎక్కువైతే మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు. విడిపోయి, సన్న రంధ్రాల్లో ఇరుక్కుని, దారులన్నీ మూసేస్తాయి. తడిస్తే జిగట, ఎండితే పెంకు. మట్టి పరీక్షలో ఉదజని సూచిక 8.5 దాటి, మార్పిడి సోడియం 15 శాతం మించితే దాన్ని చౌడుగా లెక్కకట్టే పద్ధతి 1954లో అమెరికా లవణ ప్రయోగశాల ఇచ్చింది. ఇప్పటికీ చాలామంది దాన్నే వాడుతున్నారు. పైన తెల్లగా ఉప్పు పేరుకున్న నేల వేరు, నల్లటి పొర కట్టిన నేల వేరు. మొదటిదాన్ని మంచినీళ్ళు పెట్టి కడిగితే చాలావరకు దారికొస్తుంది. రెండోదాంట్లో సోడియం క్షారం ఆకుల కుళ్ళును కరిగించి పైకి తేవడంవల్ల ఆ నలుపు వస్తుంది. ఒట్టి నీళ్ళకు అది లొంగదు. మన పెద్దవాళ్ళ కాలంలో బట్టలు ఉడకబెట్టడానికి తెచ్చుకున్న చౌడు మన్ను ఇలాంటి చోట్లదే.

ల్యాబు రిపోర్టు వచ్చేలోపు నువ్వే ఒక పరీక్ష చెయ్యి. బోరు నీళ్ళు కాదు, పట్టిన వాన నీళ్ళు ఒక గాజు గ్లాసులో పొయ్యి. బఠాణీ గింజంత ఎండు మట్టిపెళ్ళను మెల్లిగా అందులో జారవిడిచి, కదపకుండా వదిలెయ్యి. పెళ్ళ పగిలి పలుకులుగా కింద పడి, పైనున్న నీళ్ళు తేటగానే ఉంటే భయం లేదు. అది మామూలుగా నానడమే. పెళ్ళ చుట్టూ పొగలాంటి మడ్డి లేచి, ఒక పూట గడిచినా నీళ్ళు తేరకపోతే సోడియం పని చేస్తున్నట్టే. పై మట్టి ఒక గ్లాసులో, జానెడు లోతు మట్టి ఒక గ్లాసులో, మూరెడు లోతుది ఒకదాంట్లో వేసి చూడు. పైన బాగుండి లోపల చెడిన నేలలే ఎక్కువ.

తర్వాత గొయ్యి తవ్వించు. మోకాలి లోతు చాలదు, నడుం లోతు దిగాలి. ఒక పక్క గోడను కత్తితో చెక్కి, తడిపి చూడు. మట్టి రంగు ఒకేలా ఉంటే సాధారణంగా మురుగు పోతోందని అర్థం. బూడిద రంగు నేపథ్యంలో తుప్పు రంగు మచ్చలు, ముఖ్యంగా వేర్ల దారుల వెంట కనిపిస్తే, ఆ లోతులో ఏటా కొన్నాళ్ళు నీళ్ళు నిలుస్తున్నాయి. ఇనుము నీటిలో కరిగి, ఎండినప్పుడు గాలి తగిలిన చోట తుప్పుగా పేరుకుంటుంది. నల్లటి చిన్న ఉండలు దొరికినా అదే సాక్ష్యం. తెల్లటి సున్నపు గుళికలు ఎంత లోతులో మొదలయ్యాయో కూడా రాసుకో. వాన నీరు మామూలుగా అంతవరకే దిగుతోందని అవి చెబుతాయి. వేర్లు నిలువుగా దిగకుండా ఒక లోతు దగ్గర పక్కకు తిరిగితే, అక్కడ గట్టి పొర ఉంది. మచ్చ ఎంత లోతులో ఉందో, వేరు ఎంత లోతులో తిరిగిందో ఈ రెండూ తెలిస్తే ఆ జాగాలో ఏం నాటాలో సగం తేలిపోతుంది.

మిగతా సగం గడ్డి చెబుతుంది. తుంగ గుబురుగా ఉన్నచోట నీళ్ళు నిలుస్తాయి. గరిక ఒక్కటే మిగిలి తక్కిన గడ్డి పోయిందంటే నేల చెడడం మొదలైంది. ఏమీ మొలవని బట్టతల మచ్చలు చౌడు నడిబొడ్డు. సర్కారు తుమ్మ కమ్ముకున్నంత మాత్రాన నేల బాగుందనుకోకు. అది ఎక్కడైనా బతుకుతుంది. రేగడి పల్లంలో ఇంకా చెంగలి గడ్డి కనిపిస్తే ఆ జాగా చుట్టూ ముందు కాపు పెట్టించు. పశువులు ఇష్టంగా తినే గడ్డి అది. విత్తనం నీకు అక్కడే ఉంది.

జీవాల సంగతి నీ ఎస్టిమేట్‌లో ఎక్కడా లేదు. తడిసిన రేగడి మీద ఒక మంద నడిస్తే గిట్టల కింద రంధ్రాలు మూసుకుపోతాయి, ప్రతి అడుగూ ఒక గుంట అవుతుంది, ఆ గుంటలో నీళ్ళు నిలుస్తాయి. నేలతోపాటు మందా చెడుతుంది. బురదలో తిరిగితే గిట్టలు పుళ్ళు పడతాయి. నీటి గుంటల నత్తలతో కార్జపు జలగలు వస్తాయి. పేడ కలిసిన చెమ్మ నేలలో పెరిగే సన్న దోమలు గొర్రెలకు నీలి నాలుక వ్యాధి అంటిస్తాయి. కాబట్టి వానల్లో మందను మిట్టన ఎర్రనేల మీదికి, వానలు వెనకబట్టాక పల్లానికి మళ్ళించాలి. ఎప్పుడు దించాలో కాపరికీ నీకూ ఒకే కొలత ఉండాలి. గుప్పెడు మట్టి తీసుకుని అరచేతుల మధ్య తాడులా పేనండి. తెగకుండా సాగితే ఇంకా ఆగాలి. పేనుతుండగానే విరిగిపోతే పదును వచ్చినట్టే, మందను తోలుకోవచ్చు.

ఇక పనుల మాట. మీ ప్లానులో బీడంతా ఒకే తీరు కందకాలు ఉన్నాయి. ఎర్రనేల వాలు మీద అవి మంచివే. రేగడిలో సమమట్టం గట్లూ కందకాలూ నీటిని పట్టి ఉంచి జౌకు పెంచుతాయి. అక్కడ వాటిని కొద్దిపాటి వాలుతో వేసి, చివర గడ్డి కప్పిన కాలువగుండా వంకలోకో కుంటలోకో దారి ఇవ్వాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వాళ్ళు రేగడి సేద్యానికి వెడల్పు మళ్ళు, వాటి మధ్య సాళ్ళు వేసి వాలుగా నీళ్ళు తీసే పద్ధతి రూపొందించింది ఈ జౌకు బాధకే. మిట్టపల్లాలు సదును చేస్తామని జేసీబీ వాళ్ళు వస్తే ఒప్పుకోకు. లోపలి సున్నం, ఉప్పు ఉన్న మట్టి పైకి వచ్చి, ఉన్న గడ్డి కూడా పోతుంది.

జిప్సం చౌడుకు మందే. అందులోని కాల్షియం సోడియం జాగాలో చేరుతుంది. కానీ విడిపడిన సోడియాన్ని కడిగేయడానికి నీళ్ళూ, ఆ నీళ్ళు పోవడానికి దారీ కావాలి. దారి లేనిచోట చల్లిన జిప్సం ఖర్చు రాతలకే పనికొస్తుంది. పొలానికి పెట్టినంత ఖర్చు మేత బీడుకు తిరిగి రాదు కూడా. అందుకని చౌడు నడిబొడ్డును మార్చాలని చూడకు, దానికి తట్టుకునేవాటిని పెట్టు. కర్నాల్‌లోని కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థ ప్రాచుర్యంలోకి తెచ్చిన కర్నాల్ గడ్డి చౌడునూ నిలవ నీటినీ రెండింటినీ ఓర్చుకుంటుంది. నీళ్ళు ఎక్కువ రోజులు నిలిచే కుంట అంచుల్లో పారా గడ్డి, చెట్లలో నల్లతుమ్మ, కానుగ. మీరు తెప్పించిన స్టైలో, అంజన్ గడ్డి విత్తనాలు పారబోయకు. వాటికి నీళ్ళు నిలవని ఎర్రనేల కావాలి, మిట్టన చల్లించు. వేప, సుబాబుల్ కూడా అక్కడికే.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. కందకాల బిల్లు మీద సంతకం ఇప్పుడే పెట్టకు. గడువు దాటుతోందని పైవాళ్ళు తొందరపెడతారు, పెట్టనీ. గట్టి వాన ఒకటి పడ్డ మర్నాడు తెల్లవారి, ఊళ్ళో పాత కాపరిని ఒకరిని వెంటబెట్టుకుని బీడంతా నడువు. నీళ్ళు నిలిచిన చోటల్లా అంచు వెంట మేకులు కొట్టించు. మూడో రోజు, వారం తర్వాత మళ్ళీ వెళ్ళి, నీటి అంచు మేకుల నుంచి ఎంత వెనక్కి జరిగిందో పటం మీద గీసుకో. మూడు గీతల ఆ పటం చేతిలో ఉంటే ఏ ఇంజనీరుతోనైనా నువ్వు నిలబడి మాట్లాడగలవు. పటం, మూడు గ్లాసుల ఫలితం, గోతిలో చూసిన లోతులు నాకు రాసి పంపు. కందకాలు ఎక్కడ ఉంచాలో, ఎక్కడ కొట్టెయ్యాలో ఇద్దరం కూర్చుని గీద్దాం.

అమ్మానాన్నలను అడిగినట్టు చెప్పు. ఎండన పడి తిరిగేటప్పుడు తలకు గుడ్డ కట్టుకో.

ఇట్లు,
నీ మామయ్య