కొత్త ఉప్పునీటి తొట్టిలో గోధుమరంగు నాచు

అలంకారమునకై సముద్రపు చేపలను పెంచదలచి గాజు తొట్టి నింపినవారికి కొద్ది వారములలోనే ఒక దిగులు కలుగును. ఇసుకపైన, అద్దములపైన గోధుమరంగు పొర కమ్మును. తొట్టి చెడినదని తలచి మైలుతుత్తము వేయరాదు. రాగి విషము వలన నత్తలు, రొయ్యలు, పగడపు జీవులు చచ్చును.

ఈ పొర డయాటములనెడి ఏకకణ నాచు. దీని పెంకు సిలికాతో ఏర్పడును. కొత్త ఇసుక నుండియు, బోరు నీటి నుండియు సిలికా దీనికి లభించును. కావున మందుకన్న నీటిని సరిదిద్దుట ముఖ్యము.

రైతులు ఈ క్రింది పద్ధతులు పాటించవలెను.

1. ఉప్పు కలుపుటకు ఆర్.ఓ. నీటినే వాడవలెను.

2. నీరు ఆవిరియైనప్పుడు ఉప్పు కలుపని ఆర్.ఓ. నీటినే పోసి మట్టము సరిచేయవలెను. బోరు నీరు పోసినచో నీరు ఆవిరియై పోవును గాని సిలికా తొట్టిలోనే పేరుకొనును.

3. అద్దములను మెత్తని గుడ్డతో తుడిచి, ఇసుకపై పొరను గొట్టముతో లాగివేయవలెను. వారమునకు పదవవంతు నీరు మార్చవలెను.

4. దీపమును రోజుకు 8 గంటలకు మించి వెలిగించరాదు.

సిలికా తరిగినకొలది ఈ పొర సామాన్యముగా కొన్ని వారములలో దానంతటదే తగ్గును. అయితే పొర పోయినంత మాత్రమున తొట్టి సిద్ధమైనదని తలపరాదు. నీటిని పరీక్షించి, అమ్మోనియా, నైట్రైట్ రెండును సున్నాయని తేలిన పిదపనే ముందు నత్తలను, తరువాత ఒకటి రెండు చేపలను వదలవలెను. తొందరపడి ఒకేసారి చేపలన్నియు వదలినచో పెట్టుబడి నీటిపాలగును.