మత్తు వీడని నిద్ర

వికారాబాదు, తాండూరు ప్రాంతాల నుండి శస్త్రచికిత్సకై హైదరాబాదు వెళ్ళే కుటుంబాలు థియేటరు బయట పడే ఆందోళన ఒకటే: “ఇంకా కళ్ళు తెరవలేదేమి?”

మత్తుమందు ఆపిన తరువాత 30 నుండి 60 నిమిషాలలో రోగి పిలిస్తే పలకాలి. పలకనిచో చాలామందిలో కారణం మందు శేషమే. వృద్ధులలో, కాలేయ, మూత్రపిండ వ్యాధులున్నవారిలో అది మెల్లగా విసర్జింపబడుతుంది. రక్తంలో చక్కెర, సోడియం తగ్గినా, శరీరం చల్లబడినా, బొగ్గుపులుసు వాయువు పేరుకున్నా ఇంతే.

ఇవన్నీ సరిగా ఉన్నప్పుడు మెదడును అనుమానించాలి. కనుపాపలు సమానంగా లేకున్నా, ఒక పక్క చేయి కదలకున్నా పక్షవాతమో, రక్తస్రావమో కావచ్చు, వెంటనే సి.టి. స్కాన్ అవసరం. అన్నిటికంటె కపటమైనది కొట్టుకోవడం లేని మూర్ఛ. రోగి హాయిగా నిద్రిస్తున్నట్లే ఉంటాడు. ఇ.ఇ.జి. తీస్తే గాని బయటపడదు. నిజాం వ్యయంతో 1889లో జరిగిన రెండవ హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ శ్వాసనే గమనించమన్నది. నేడు మెదడునూ గమనించే సాధనాలున్నాయి.

పూర్వం మూర్ఛ వచ్చి ఉంటే ముందే వైద్యునికి చెప్పండి. ఆ మాత్రలను సొంతంగా మానరాదు. ఇంట్లో వాడే అశ్వగంధ, తగర చూర్ణాలనూ “ఆకుమందే కదా” అని దాచవద్దు. అవి మత్తును పెంచవచ్చును గనుక రెండు వారాల ముందే ఆపమంటారు. మెలకువ రాని వ్యక్తి నోట నీళ్ళు గాని, ముక్కున శొంఠి రసం గాని పోయరాదు. అవి ఊపిరితిత్తులలోకి పోతాయి.