దేశాంతరంలో ఆంగ్లోపాధ్యాయుడు

విద్య కలవానికి ఏ దేశమైనా స్వదేశమేనని పెద్దల మాట. ఆ మాటలో గౌరవం సంగతి ఉన్నది గాని నివాసం సంగతి లేదు. పరాయి దేశంలో ఆంగ్లం బోధించడానికి వెళ్లే ఉపాధ్యాయునికి ఈ రెండింటికీ గల అంతరం తొలి ఏడాదిలో కనిపించదు. విమాన ప్రయాణపు ఖర్చు, వసతి, నెల జీతం, ఆదాయపు పన్ను ఇవన్నీ తొలి ఏటి లెక్కలు. అయిదో ఏట ఒప్పందం ముగిసిన నాడు, పిల్లలు కళాశాల వయస్సుకు వచ్చిన నాడు, ఓపిక తగ్గి జీతం ఆగిన నాడు ఆ దేశం తనను ఉండనిస్తుందా అన్నది వేరే లెక్క. ఒకటి రెండేళ్లు గడిపి తిరిగి రాదలచినవారికి మొదటి లెక్క చాలు. జీవితమంతా అక్కడే గడపదలచినవారు రెండో లెక్కతోనే దేశాన్ని ఎంచుకోవలసి ఉంటుంది. ఈ రెండో లెక్క ఎంత చిక్కైనదో తెలియడానికి నూరేళ్లకు పూర్వం జపానులో ఆంగ్లం బోధించిన ఒక వ్యక్తి జీవితం చక్కని నిదర్శనం.

ఆయన పేరు లాఫ్కాడియో హెర్న్. నేడు గ్రీసులో భాగమైన లెఫ్కడా ద్వీపంలో 1850లో జన్మించాడు. తండ్రి ఐర్లండుకు చెందిన సైనిక వైద్యుడు, తల్లి గ్రీకు వనిత. తల్లిదండ్రులు విడిపోగా బాల్యం డబ్లిన్‌లో బంధువుల పంచన గడిచింది. పాఠశాలలో ఉండగా జరిగిన ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది. పందొమ్మిదో ఏట చేతిలో కాసు లేకుండా అమెరికా చేరి, సిన్సినాటిలోనూ న్యూ ఆర్లీన్స్‌లోనూ పత్రికా రచయితగా పేరు తెచ్చుకున్నాడు. తరువాత రెండేళ్లు మార్టినిక్ ద్వీపంలో గడిపాడు. 1890లో ఒక అమెరికన్ పత్రిక కోసం వ్యాసాలు రాయడానికి జపాను వెళ్లి, ఆ పత్రికతో పొసగక మానుకున్నాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై. అంతవరకు ఏ ఊరినీ తనదని చెప్పుకోలేని మనిషి, టోక్యోలో ఆచార్యుడుగా ఉన్న బాసిల్ హాల్ చేంబర్లిన్ సహాయంతో, పశ్చిమ సముద్రతీరాన ఉన్న మత్సుయే అనే చిన్న పట్టణంలో ఆంగ్లోపాధ్యాయుడుగా చేరాడు.

మత్సుయేలో ఆయన జీతం నెలకు 100 యెన్‌లు. ఆ పట్టణంలో అది పెద్ద మొత్తమే. సమురాయ్ కుటుంబానికి చెందిన కొయిజుమి సెత్సును ఆయన వివాహమాడాడు. మెయిజీ ప్రభుత్వం వచ్చాక సమురాయ్ కుటుంబాలకు వంశపారంపర్యంగా అందుతున్న భృతి నిలిచిపోయింది. అందుచేత భార్యతో పాటు ఆమె తరఫు పెద్దల పోషణ కూడా ఆయన మీదనే పడింది. ఆ ఊరి చలి ఆయన ఆరోగ్యానికి సరిపడలేదు. పదిహేను నెలలకే నెలకు 200 యెన్‌ల జీతం మీద దక్షిణాన ఉన్న కుమమోతోకు మారాడు. హెర్న్ మనసు మాత్రం మత్సుయేను విడిచి రాలేదు. ఇష్టమైన ఊరు ఒకటి, ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే ఊరు మరొకటి కావడం దేశాంతర ఉపాధ్యాయులందరికీ తెలిసిన కష్టమే.

1893లో పెద్ద కుమారుడు జన్మించడంతో అసలు సమస్య ఎదురైంది. వివాహాన్ని బ్రిటిష్ చట్టం ప్రకారం నమోదు చేయిస్తే సెత్సు బ్రిటిష్ పౌరురాలవుతుంది. అప్పటి జపాను చట్టం విదేశీయులకు భూమిపై హక్కు ఇవ్వదు. నమోదు చేయించకపోతే తన తదనంతరం ఆస్తి భార్యాబిడ్డలకు దక్కుతుందన్న భరోసా లేదు. ఎంత ఆలోచించినా మూడో మార్గం ఒక్కటే మిగిలింది. 1896లో ఆయన భార్య వంశంలోకి దత్తు వెళ్లి, కొయిజుమి యాకుమో అనే పేరుతో జపాను పౌరుడయ్యాడు. అదే ఏడాది టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్య బోధకుడుగా నెలకు 400 యెన్‌ల జీతంతో నియమితుడయ్యాడు. ఇల్లరికం మన పల్లెలకు కొత్త కాదు గాని, ఒక ఆంగ్లోపాధ్యాయుడు దేశానికే ఇల్లరికం వెళ్లడం అరుదైన సంగతి.

పౌరసత్వం ఆయన కుటుంబాన్ని కాపాడింది, ఉద్యోగాన్ని కాపాడలేదు. 1903లో విశ్వవిద్యాలయం ఆయన ఒప్పందాన్ని పొడిగించలేదు. విద్యార్థులు నిరసన తెలుపగా, తక్కువ గంటలు, తక్కువ వేతనం అంటూ ఒక ప్రతిపాదన వచ్చింది. ఆయన అంగీకరించలేదు. ఆ స్థానంలోకి వచ్చినవారిలో ముఖ్యుడు నత్సుమే సోసెకి. అనంతర కాలంలో ఆధునిక జపాను నవలకు మూలస్తంభంగా నిలిచిన ఈయనను, 1900లో ప్రభుత్వమే ఆంగ్ల అధ్యయనానికి లండన్ పంపి 1902 వరకు అక్కడ ఉంచింది. హెర్న్ 1904లో వసెదా విద్యాసంస్థలో పాఠాలు చెప్పడం ప్రారంభించి, అదే సంవత్సరం సెప్టెంబరులో గుండె జబ్బుతో కన్నుమూశాడు. సెత్సు చెప్పగా విని రాసిన ప్రాచీన కథల సంపుటి ‘క్వైదాన్’ ఆ ఏడాదే వెలువడింది.

హెర్న్‌కు ఎవరో ద్రోహం చేశారని భావించడం సరికాదు. మెయిజీ ప్రభుత్వం విదేశీ నిపుణులను రప్పించినది తన ప్రజలకు విద్య నేర్పించడానికే. వారికి భారీ జీతాలు ఇచ్చింది. స్వదేశీయులు ఆ విద్య నేర్చిన వెంటనే వారిని ఆ స్థానాల్లో నియమించింది. సోసెకి తయారైతే హెర్న్ అవసరం తీరినట్లే. పరదేశంలో ఆంగ్లోపాధ్యాయుని పీఠం స్వభావరీత్యా ఎరవు పీఠం. అతడు ఎంత బాగా బోధిస్తే తన స్థానాన్ని తీసుకోగలవారిని అంత త్వరగా తయారుచేసినవాడవుతాడు. దేశాలు మారినా, శతాబ్దం మారినా ఈ సూత్రం మారలేదు. పీఠం కదిలిన నాడు నిలదొక్కుకోవడానికి మరేదైనా ఆధారం ఆ దేశం కల్పిస్తుందా అన్నదే ఎంపికలో కీలకాంశం.

నేటి జపానునే చూడవచ్చు. 1987లో ప్రారంభమైన ‘జెట్’ పథకం ద్వారా వేలాది విదేశీ యువతీ యువకులు అక్కడి పాఠశాలల్లో సహాయక బోధకులుగా పనిచేశారు. ఒప్పందం ఏడాదికొకసారి. గరిష్ఠంగా అయిదేళ్లు. ఆపైన తన దారి తాను వెతుక్కోవాలి. కొందరు ప్రైవేటు భాషా శిక్షణ సంస్థలలో చేరతారు. వాటిలో అన్నింటికన్న పెద్దదైన ‘నోవా’ 2007 అక్టోబరులో కుప్పకూలగా వేలమంది విదేశీ బోధకుల జీతాలు నిలిచిపోయాయి. సంస్థ ఇప్పించిన గదుల్లో ఉంటున్నవారికి అద్దె బాకీ కూడా తోడైంది. కొందరు భోజనం పెడితే పాఠం చెప్పే స్థితికి వచ్చారు. 2013 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన కార్మిక ఒప్పంద చట్ట సవరణ, ఒకే యజమాని వద్ద అయిదేళ్లు దాటి పనిచేసిన ఒప్పంద ఉద్యోగికి కాలపరిమితి లేని ఉద్యోగం కోరే హక్కు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. అయితే అయిదేళ్లు నిండకముందే ఒప్పందం ముగించే యజమానులూ బయలుదేరారు.

అయినా జపానులో ఒక సదుపాయం ఉన్నది. సాధారణంగా పదేళ్లు చట్టబద్ధంగా నివసించిన విదేశీయుడు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అది లభిస్తే ఉద్యోగం పోయినంత మాత్రాన దేశం విడిచి వెళ్లనక్కరలేదు. వృద్ధాప్య పింఛను పొందడానికి కావలసిన కనీస కాలాన్ని 2017 ఆగస్టులో 25 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు తగ్గించారు. 2016 అక్టోబరు నుంచి అమలులో ఉన్న సామాజిక భద్రతా ఒప్పందం వలన భారతీయుల విషయంలో రెండు దేశాల్లో చందా కట్టిన కాలాన్ని కలిపి లెక్కించే వీలున్నది. కాని దేశం విడిచి వెళ్తూ కట్టిన చందాలో కొంత ఒకేసారి తిరిగి తీసుకున్నవారికి ఆ కాలం లెక్కలో నుంచి పోతుంది. తొందరలో ఆ సొమ్ము తీసుకుని, మళ్లీ జపాను చేరి విచారించినవారు లేకపోలేదు.

పన్ను లేని జీతం అనగానే గుర్తుకు వచ్చేవి గల్ఫ్ దేశాలు. తెలుగువారు ఎందరో అక్కడి పాఠశాలల్లో, కళాశాలల్లో ఆంగ్లం బోధిస్తున్నారు. పొదుపు చేసి ఊళ్లో ఇల్లు కట్టుకోదలచినవారికి అంతకన్న అనువైన చోటు తక్కువ. అయితే అక్కడ నివాసానుమతి ప్రధానంగా ఉద్యోగాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. తండ్రి ఉద్యోగం పోతే అక్కడే పుట్టి పెరిగిన పిల్లవాడు కూడా పెట్టె సర్దుకోవలసినదే. పింఛనుకు బదులు సేవాంత పారితోషికం లభిస్తుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో తొలి అయిదేళ్లకు ఏటా 21 రోజుల మూలవేతనం, ఆపైన ఏటా 30 రోజుల మూలవేతనం లెక్క. 55 ఏళ్లు దాటి, నిర్ణీతమైన ఆస్తి లేదా ఆదాయం కలవారికి అయిదేళ్ల విశ్రాంత వీసా కూడా ఉన్నది గాని, సామాన్య ఉపాధ్యాయునికి ఆ మొత్తం అందని ఎత్తు. సౌదీ అరేబియాలో 2021 మార్చి నుంచి కొన్ని షరతులకు లోబడి పాత యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారవచ్చు. ఇది మేలైన మార్పు. అదే సమయంలో స్వదేశీయులకే ఉద్యోగాలన్న విధానం కూడా బలపడుతున్నది. సోసెకి వంటి వారు ప్రతి దేశంలోనూ తయారవుతూనే ఉంటారు.

ఇథియోపియాతో భారతీయ ఉపాధ్యాయుల అనుబంధం పాతది. చక్రవర్తి హైలే సెలాసీ కాలంలోనే మన దేశం నుంచి, ముఖ్యంగా కేరళ నుంచి, ఎందరో అక్కడి పాఠశాలలకు వెళ్లారు. 1974లో ఆయన పదవీచ్యుతుడైన తరువాత పరిస్థితులు తారుమారయ్యాయి. ఇటీవలి దశాబ్దాలలో కొత్త విశ్వవిద్యాలయాలు వెలియగా తెలుగు అధ్యాపకులు కూడా అక్కడికి తరలివెళ్లారు. ఉన్నత విద్య అంతా ఆంగ్ల మాధ్యమంలోనే కనుక అక్కడ ఆంగ్లోపాధ్యాయునికి నిజమైన అవసరం, నిజమైన ఆదరణ ఉన్నాయి. కాని 2020 నవంబరులో మొదలైన టిగ్రాయ్ యుద్ధం రెండేళ్లు సాగింది. 2024 జులైలో బిర్రు మారకపు విలువను విపణికి వదిలివేయగా, కొద్ది నెలల్లోనే డాలరు ధర రెట్టింపు దాటింది. బిర్రులలో కూడబెట్టిన పొదుపు సగానికి పైగా కరిగిపోయినట్లే. ఆదరించే సమాజం ఉన్నంత మాత్రాన చేతిలోని సొమ్ము నిలుస్తుందని చెప్పలేము.

చైనా ఉదాహరణ మరీ ఆకస్మికం. 2021 జులైలో ఆ ప్రభుత్వం పాఠశాల విషయాలపై లాభాపేక్షతో నడిచే ట్యూషన్లను నిషేధించింది. విదేశాల్లో కూర్చుని చైనా పిల్లలకు తెరమీద ఆంగ్లం నేర్పేవారి ఉపాధి కూడా ఆ నిర్ణయంతోనే దెబ్బతిన్నది.

భారతీయ ఉపాధ్యాయునికి వీటన్నింటికన్న ముందు మరొక గడప ఉన్నది. పలు దేశాల దృష్టిలో ఆంగ్లం ఎవరికి వచ్చునన్నది పాస్‌పోర్టును బట్టి నిర్ణయమవుతుంది. దక్షిణ కొరియా భాషా బోధన వీసాను ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా పౌరులకు ఇస్తుంది. 2010 జనవరిలో అమలులోకి వచ్చిన భారత - కొరియా ఒప్పందం, తగిన పట్టా, బోధనార్హత కలిగిన భారతీయులకు కూడా సహాయక బోధకులుగా ఒక ద్వారం తెరిచింది. హైదరాబాదులో 1958లో స్థాపితమై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఆంగ్ల, విదేశీ భాషల సంస్థలో ఇతర దేశాల నుంచి వచ్చి ఆంగ్లం నేర్చుకునేవారున్నారు. అటువంటి నగరపు పట్టభద్రుడు ఆంగ్లం తన మాతృభాష కాదన్న కారణంగా వరుసలో వెనుక నిలబడవలసి రావడం న్యాయమని ఎవరూ అనలేరు. కాని దేశాన్ని ఎంచుకునేటప్పుడు న్యాయాన్యాయాలకన్న ముందు నియమావళిని చదవవలసి ఉంటుంది.

ఇక పౌరసత్వం సంగతి. భారత పౌరుడు స్వచ్ఛందంగా మరో దేశపు పౌరసత్వం స్వీకరిస్తే భారత పౌరసత్వం పోతుంది. విదేశాల్లో స్థిరపడినవారికిచ్చే ఓసీఐ కార్డు రాకపోకలకు పనికివస్తుంది. ఓటుకు గాని, వ్యవసాయ భూమి కొనుగోలుకు గాని పనికిరాదు. హెర్న్ భార్యాబిడ్డల కోసం తీసుకున్న నిర్ణయం వంటిదే, నలభై అయిదో యేట, ఏ పరదేశంలోనో పాఠాలు ముగించుకుని ఇంటికి వచ్చిన ఒక తెలుగు ఉపాధ్యాయుని ముందుకు కూడా దరఖాస్తు పత్రం రూపంలో రావచ్చు. ఆ పత్రం మీద సంతకం చేయడానికి ముందు అతడు ఊళ్లో ఉన్న తల్లిదండ్రులతో మాట్లాడతాడు. తెలుగు చదవడం రాని పిల్లలతో కూడా మాట్లాడతాడు. ఆ రెండు సంభాషణలూ ఒకే భాషలో సాగకపోవచ్చు.

ప్రశ్నలు

1. హెర్న్ జపాను పౌరసత్వం స్వీకరించడానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. ‘ఎరవు పీఠం’ అనే మాటను పాఠ్యభాగం ఆధారంగా సమర్థించండి లేదా ఖండించండి.
3. గల్ఫ్ దేశాల్లోని సేవాంత పారితోషికానికీ జపానులోని వృద్ధాప్య పింఛనుకూ గల భేదం తెలపండి.
4. మీ ఊరి నుంచి విదేశాలకు వెళ్లిన ఉపాధ్యాయులెవరైనా ఉంటే, వారు ఆ దేశాన్నే ఎందుకు ఎంచుకున్నారో అడిగి తెలుసుకుని ఒక పుట రాయండి.