మిత్రుని బాకీ – నా సంతకం

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మా ఊరు మంగంపేట. పూర్వపు కడప జిల్లాలో, రైల్వేకోడూరుకు దగ్గరలో వుంది. ముగ్గురాయికి, అనగా బెరైటీసుకు, పేరు పొందిన ఊరు. రసాయనశాస్త్రంలో దానినే బేరియం సల్ఫేటు అంటాము. చూపుకు మామూలు రాయే. చేతిలోకి తీసుకుంటేగాని బరువు తెలియదు. ఇతరుల అప్పు కూడా అటువంటిదేనని ఇరవై ఏళ్ళకే నేర్చుకున్నాను.

నాతో ఇంటర్ చదివిన మిత్రుడొకడు పట్నంలో ఉద్యోగంలో చేరాడు. జీతం చూసి ఒక బ్యాంకువారు క్రెడిట్ కార్డు ఇచ్చారు. సెల్‌ఫోను, బట్టలు, చివరికి తల్లి వైద్యం – అన్నీ దాని మీదే. ఉద్యోగం పోయేనాటికి బాకీ 40,000 రూపాయలు.

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. మా పల్లెలో రెండు రూపాయల వడ్డీ అంటేనే భయపడతారు. అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24. వాడి కార్డుకు నెలకు మూడున్నర, ఏడాదికి 42! 40,000కు నెల వడ్డీ 1,400. ఆ వడ్డీపై 18 శాతం జి.ఎస్.టి. 252. వాడు కనీస మొత్తమని 2,000 కడితే అసలులో తగ్గేది 348 మాత్రమే. పైగా పాత బాకీ వుండగా కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు వుండదు. కార్డు వడ్డీ 30 శాతం మించరాదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది గాని, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.

వసూలుకు వచ్చేవాళ్ళు నాకూ ఫోన్లు చేయసాగారు. "మూడు నెల్లల్లో తీర్చేస్తా మామా" అన్నాడు వాడు. నాయనకు చెప్పకుండా, ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చి, నా పేర ప్రామిసరీ నోటు వ్రాసిచ్చి, వాడి బాకీ కట్టేశాను. మూడు నెలలు కాస్తా పదకొండు అయినాయి. వడ్డీతో 48,800. అప్పిచ్చినాయన నేరుగా ఇంటికే వచ్చాడు. బోరు మోటారు కోసం దాచిన డబ్బు నాయన తెచ్చి ఇచ్చాడు. ఆ ఎండాకాలం మా బొప్పాయి తోట సగం ఎండిపోయింది. నాయన తిట్టలేదు. "సంతకం పెట్టేముందు ఒక్క మాట నన్నడిగింటే ఏం పోయేది రా అబ్బీ" అన్నాడు, అంతే.

తరువాత చట్టం చదివాను. ముందే చదవవలసింది! జామీను సంతకం చేయనివానికి మిత్రుని కార్డు బాకీతో సంబంధం లేదు. కార్డుదారుని స్నేహితులను, కుటుంబాన్ని వేధించరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది కూడా. అంటే ఆ ఫోన్లకు నేను బెదరవలసిన పనే లేదు. ఇక జామీను వుంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా వ్రాసుకోనంతవరకు, బాకీదారునికి ఎంత బాధ్యతో జామీనుదారునికీ అంతే. అలా కట్టినవానికి ఆ సొమ్ము బాకీదారుని వద్ద రాబట్టుకునే హక్కును 145వ సెక్షను ఇస్తుంది. మరి నేనో? జామీనుదారుణ్ణి కాను, స్వయంగా బాకీదారుణ్ణి అయ్యాను. వాడివద్ద కాగితం వ్రాయించుకోలేదు. అడిగే హక్కు వున్నా, రుజువేది?

ఇది నా ఒక్కడి కథ కాదు. మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్సు సంఘాలలో ఒకరు కట్టకపోతే తక్కినవారు కట్టాలనేది పద్ధతి. ఆ ఒత్తిడిలో ఇరుగుపొరుగులే ఒకరికొకరు వసూలుదారులయినారు. ఆత్మహత్యల వార్తలు వచ్చిన తరువాత 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

మిత్రులారా! సాయం చేయవద్దని నేను చెప్పడం లేదు. తిరిగి రాకపోయినా ఇల్లు గడిచేంత ఇవ్వండి. అంతకు మించితే కాగితం వ్రాయించుకోండి. ఇంట్లో చెప్పలేని సంతకం చేయకండి.

మొన్న దసరాకు వాడు 5,000 పంపాడు. వాడి మీద నాకు కోపం లేదు. కాని ఇప్పుడు ఇద్దరం కలిస్తే, మునుపటివలె మాటలు రావడం లేదు. ఆ నష్టానికి ఏ సెక్షనూ లేదు.