తాటి దోనె, తేజస్ విమానం: లెక్క ఒకటే

కంపోజిట్ అంటే పెద్ద మాట అనుకోకండి. పీచు ఒకటి, దాన్ని పట్టి ఉంచే జిగురు ఒకటి, అంతే. వెదురు అలాంటిదే. ఏలూరు దాటి కొల్లేరులో తాటి దోనెలు చూసినవాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది. తాటిమానుకి బయటివైపు నల్లటి పీచు చిక్కగా ఉంటుంది, లోపల మెత్తటి బెండు. ఆ బెండు తొలిచేస్తే దోనె! బలమున్నది ఉంచుకుని, లేనిది తీసేశారు. ఇంజనీరింగ్ కాలేజీలో ఇదే సంగతి లెక్కతో చెబుతారు.

ఇనుముని ఎటు లాగినా దాదాపు ఒకేలా సాగుతుంది. వెదురు అలా కాదు. నిలువునా కత్తి పెడితే చీలిపోతుంది, అడ్డంగా నరకాలంటే చెయ్యి నొప్పెడుతుంది. గాజు పీచు, రెసిన్ సగం సగం కలిపారనుకోండి. గాజు యంగ్ గుణకం సుమారు 70 గిగాపాస్కల్, రెసిన్‌ది సుమారు 3. పీచు వెంట లాగితే రెంటి సగటు, 36.5. అడ్డంగా లాగితే తలకిందుల అంకెల సగటు తీసి, మళ్ళీ తలకిందులు చెయ్యాలి, 5.75 వస్తుంది. రఫ్ నోట్సులో చేసి చూడండి. పదార్థం అదే, తేడా ఆరు రెట్లు!

అందుకే పొరల్ని ఒకటి నిలువు, ఒకటి అడ్డం, ఒకటి 45 డిగ్రీల ఏటవాలుగా పేరుస్తారు. కానీ ఒక్కో పొర ఒక్కోలా సాగి పక్కదాన్ని లాగుతుంది. వంపులున్న పడవకో, విమానం రెక్కకో చేత్తో లెక్క తెమలదు. కంప్యూటర్ వస్తువుని వేల గళ్ళు చేసి, గడి గడికీ సమీకరణాలు రాసి, అన్నీ కలిపి సాధిస్తుంది. దీనికి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అని 1960లో అమెరికా ప్రొఫెసర్ క్లఫ్ పేరు పెట్టారు. మన తేజస్ విమానం బరువులో సుమారు 45 శాతం కంపోజిట్లే. దాని పొరల డిజైన్‌కి ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ వాళ్ళు ఆటోలే అనే సాఫ్ట్‌వేర్ సొంతంగా తయారుచేసుకున్నారు. 2001 జనవరి 4న బెంగుళూరులో తేజస్ మొదటిసారి ఎగిరింది.

అయితే కంప్యూటర్ని గుడ్డిగా నమ్మకూడదు. పొరలు బాగా అతుక్కున్నాయని మనం చెబితే అది అలాగే లెక్క వేస్తుంది. మధ్యలో గాలి బుడగ ఉందని దానికెలా తెలుస్తుంది? తమ్మిలేరు, బుడమేరు పొంగినప్పుడు ఫైబర్ పడవ ఎక్కినవాళ్ళ ప్రాణం ఆ అతుకు మీదే ఉంటుంది కదా. అందుకే నమూనా చేసి, బరువు పెట్టి విరగ్గొట్టి చూస్తారు. రూపాయి బిళ్ళతో తట్టి చూసే పరీక్ష కూడా ఉంది. మంచిచోట ఖంగుమంటుంది, పొర విడినచోట డొల్లగా మోగుతుంది. (నాకైతే ఇదే నచ్చింది, కుండ కొనేటప్పుడు మా అమ్మ చేసేది ఇదే.)

పదో తరగతి అన్నలూ, అక్కలూ! తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్.ఐ.టి. ఉంది. అక్కడ సివిల్, మెకానికల్ రెండూ ఉన్నాయి. ఎస్టీలకు 7.5 శాతం సీట్లు. దానికి ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకుని, జేఈఈ మెయిన్ రాయాలి. పైన చెప్పిన సమీకరణాలకి కావలసిన మాత్రికలు ఇంటర్ లెక్కల్లోనే వస్తాయి.

ఈ పత్రిక కింద బల్ల మీద రెండు వెదురు బద్దలు పెట్టాను. ఒకటి పీచు వెంట చీల్చింది, ఒకటి పీచుకి అడ్డంగా కోసింది. వంచి చూడండి.