భాషా రక్షణ విధానము రూపొందిన తీరు

బిడ్డను బడిలో చేర్పవచ్చిన తల్లిదండ్రులు కొందరు దరఖాస్తులోని "మాతృభాష" అను గడి వద్ద ఆగుదురు. "మారతహళ్ళిలో కాపురముండి తెలుగని వ్రాసిన లాభమేమి?" అని వారి సందేహము. ఆ గడికి విలువ యెట్లు వచ్చెనో తెలుపుటకే ఈ వ్యాసము.

జాతీయ విధానము ఢిల్లీలో ఒక్కరు వ్రాసి ఒక్కనాడు ప్రకటించునది కాదు. 1949 ఆగస్టులో విద్యామంత్రులు సమావేశమై, ప్రాంతీయ భాష గాక వేరొక మాతృభాష గల పిల్లలు పాఠశాలలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఉన్నచో, ఆ భాషలో ప్రాథమిక విద్య గరపుటకు కనీసము ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించిరి.

పిమ్మట 1953 డిసెంబరులో ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్ర పునర్విభజన సంఘము ఏర్పడెను. కుంజ్రూ, పణిక్కర్ గారలు సభ్యులు. వారు లక్షకు మించిన విజ్ఞాపనలు స్వీకరించి, దేశమెల్ల తిరిగి, వేలమంది మాట వినిరి. సరిహద్దు ఎచ్చట గీచినను ఆవల కొందరు అన్యభాషీయులు మిగులుదురని గ్రహించి, 1955 సెప్టెంబరులో సమర్పించిన నివేదికలో వారికి రక్షణలు కోరిరి. వాని అమలును గవర్నరులు కనిపెట్టవలెనని వారి సూచన. అది సాగలేదు. దానికి మారుగా, రాష్ట్రపతికి నివేదించు ప్రత్యేకాధికారిని పార్లమెంటు ఏర్పరచెను. 1956 నాటి 7వ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఏ, 350-బి అధికరణములు ఇట్లు పుట్టినవి.

అయితే 350-ఏ అధికరణము మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు "కల్పించి తీరవలెను" అనలేదు. కల్పించుటకు రాష్ట్రములు, స్థానిక సంస్థలు "ప్రయత్నింపవలెను" అన్నది. అవసరమైన రాష్ట్రపతి ఆదేశములు ఈయవచ్చును. విద్య రాష్ట్రముల చేతిలో నుండగా, వారి అధికారమును, మైనారిటీల కోరికను ఒక్క వాక్యమున ఇముడ్చుటకు కుదిరిన మాట అది. సంప్రదింపుల ఫలము ఇట్లే యుండును. ఎవరికిని పూర్తిగా దక్కదు.

మరియొక సంగతి. కర్ణాటక ప్రభుత్వపు వ్యాజ్యమున 2014 మే 6న సుప్రీంకోర్టు, ప్రాథమిక దశలో మాతృభాషా మాధ్యమమును ప్రభుత్వము నిర్బంధింపరాదనియు, బిడ్డ తరఫున ఎన్నుకొను స్వేచ్ఛ తల్లిదండ్రులదే యనియు తీర్పు చెప్పెను. కావున తెలుగును మనపై ఎవ్వరును రుద్దరు. మనము కోరనిచో మనకై ఎవ్వరును అడుగరు.

మన పిల్లలు కన్నడము చక్కగా నేర్వవలెను. అది ఈ నేల భాష. ఇంగ్లీషును నేర్వవలెను. అందుకై తెలుగును విడువ నక్కరలేదు. తరగతిలో తొమ్మండుగురే తెలుగని వ్రాసిరేని, పదవవాని మౌనము ఆ తొమ్మండుగురి కోరికను గూడ బలహీనపరచును. ఆ గడిని నింపునపుడు ఈ లెక్కను జ్ఞాపకముంచుకొన ప్రార్థన.